ఆటలో అరటిపండు ఎక్కడికి పోయింది?
పిల్లల ఆటల్లో గెలుపు పిచ్చి ఎలా పెరిగింది, మన బడి దాని నుంచి ఏం నేర్చుకోవాలి

సెప్టెంబరు నుంచి నవంబరు దాకా, మళ్ళీ మార్చి నుంచి జూన్ దాకా మీ తరగతి హాజరు పట్టిక ఒకసారి తిరగేయండి. ఖాళీ గళ్ళు ఎక్కువగా ఆ నెలల్లోనే కనిపిస్తాయి. కారణం అడిగితే సాకర్ మ్యాచ్ అంటారు, లేదా బేస్‌బాల్ టోర్నమెంట్, స్విమ్ మీట్ అంటారు. ‘ఆటల వల్ల తెలుగు పోతోంది’ అని మనం విసుక్కుంటాం. తల్లిదండ్రులేమో ‘రెండూ కావాలండీ, ఏం చేయమంటారు?’ అంటారు. ఇద్దరి మాటలోనూ నిజముంది.

అయితే ఈ వ్యాసం హాజరు గురించి కాదు. ఆ మైదానంలో పిల్లలు ఆట ఒక్కటే నేర్చుకోవడం లేదు. గెలిచినవాడికి ఎంత విలువ, ఓడినవాడికి ఎంత విలువ, బెంచీ మీద కూర్చున్నవాడికి అసలు విలువ ఉందా అన్నది కూడా నేర్చుకుంటున్నారు. అదే పాఠం పట్టుకుని మన తరగతికి, మన పద్యాల పోటీకి వస్తున్నారు. అందుకే ఈ దేశంలో పిల్లల ఆటలు ఇలా ఎలా తయారయ్యాయో ఉపాధ్యాయులు, తల్లిదండ్రులు తెలుసుకోవడం మంచిది. ఈ చరిత్ర నిండా మనలాంటి వాలంటీర్లే ఉన్నారు.

మన వీధుల్లో లెక్క

ముందు మన సంగతి. మీలో చాలామంది ఏడుపెంకులాట, కోతికొమ్మచ్చి, బిళ్ళంగోడు, దాగుడుమూతలు ఆడినవాళ్ళే. ఆ ఆటలకు కోచ్ లేడు, అంపైర్ లేడు, కప్పు లేదు. పంటలు వేసుకుని దొంగ ఎవరో తేల్చుకునేవాళ్ళం. తగువు వస్తే అక్కడే తీర్చుకునేవాళ్ళం. ఎవరైనా మరీ తొండి చేస్తే ఆట ఆగిపోయేది. బంతి ఎవరిదో వాళ్ళు అలిగి ఇంటికి పోతే ఇక ఆటే లేదు కదా!

ఆ ఆటల్లో ఒక చక్కటి ఏర్పాటు ఉండేది. అక్క వెంట నాలుగేళ్ళ తమ్ముడు వచ్చి, నేనూ ఆడతానని ఏడిస్తే వాణ్ణి ‘ఆటలో అరటిపండు’గా చేర్చుకునేవాళ్ళు. వాడూ అందరితో పరిగెత్తుతాడు, దాక్కుంటాడు, అరుస్తాడు. ముట్టుకున్నా దొంగ కాడు, ఔటైనా ఔట్ కాదు. ఆట ఎలా ఆడాలో లోపల ఉండే నేర్చుకుని, రెండేళ్ళు గడిచేసరికి లెక్కలోకి వచ్చేస్తాడు. ఇప్పుడు ఆ మాటను ‘లెక్కలో లేనివాడు’ అని ఎగతాళికి వాడుతున్నాం గానీ, అసలు అర్థం వేరు. లెక్కలో లేకపోయినా ఆటలో ఉన్నవాడు అని.

మన వీధులు స్వర్గమేమీ కాదు. కొట్లాటలు, ఏడిపించడాలు ఉండేవి. ఆడపిల్లలను కొంత వయసు రాగానే ఇంట్లో కూర్చోబెట్టేవారు. కులాన్ని బట్టి ఆటకు రానివ్వని వాడలూ ఉండేవి. కానీ ఒకటి మాత్రం గమనించండి. ఆట పిల్లల చేతిలో ఉన్నప్పుడు వాళ్ళకు కావలసింది రేపు మళ్ళీ ఆడటానికి మనుషులు. అందుకని ఓడినవాణ్ణి కూడా నిలబెట్టుకునేవాళ్ళు.

1903, న్యూయార్క్: సగటుకే కప్పు

అమెరికాలో బడిపిల్లల ఆటలను ఒక పద్ధతిలో పెట్టిన తొలి పెద్ద ప్రయత్నం 1903లో న్యూయార్క్ నగరంలో జరిగింది. లూథర్ గ్యులిక్ అనే వైద్యుడు అక్కడి ప్రభుత్వ బడుల వ్యాయామ విద్యకు అధిపతి. ఆయన మరికొందరితో కలిసి పబ్లిక్ స్కూల్స్ అథ్లెటిక్ లీగ్ స్థాపించారు. ఆ ఏడాది డిసెంబరులో మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో జరిగిన తొలి పోటీలకు వెయ్యిమందికి పైగా అబ్బాయిలు వచ్చారు. అంటే పోటీ అనేది ఇక్కడ మొదటి నుంచీ ఉంది. పిల్లలను మైదానానికి లాక్కొచ్చింది అదే.

కానీ గ్యులిక్‌కు ఒక చిక్కు తెలుసు. పోటీ పెడితే బాగా ఆడే పదిమందే ఆడతారు, మిగతావాళ్ళు చప్పట్లు కొడతారు. అందుకని ఆ లీగ్ ‘తరగతి పోటీ’ అని ఒక పద్ధతి పెట్టింది. నిలబడి దూకడం, కడ్డీ పట్టుకుని పైకి లేవడం, పరుగు వంటివాటిలో తరగతిలోని అబ్బాయిల్లో నూటికి ఎనభైమంది పాల్గొనాలి. వాళ్ళందరి సగటునే తరగతి ఫలితంగా లెక్కిస్తారు.

దీని ఫలితం ఊహించండి. అందరికంటే దూరం దూకేవాడు ఇంకో అంగుళం దూకితే సగటు పెద్దగా పెరగదు. అసలు దూకలేనివాడికి దూకడం నేర్పితే పెరుగుతుంది. కాబట్టి తరగతిలో గట్టివాళ్ళు వెనకబడినవాళ్ళకు నేర్పాల్సిందే. పోటీని తీసేయకుండానే, దేన్ని లెక్కపెట్టాలో మార్చారు. మన అరటిపండు ఏర్పాటుకు ఇది దగ్గరి చుట్టమే.

ఆ లీగ్‌లో లోపం కూడా ఉంది. 1905లో అమ్మాయిల విభాగం పెట్టారు గానీ, వాళ్ళకు బడుల మధ్య పోటీలు వద్దన్నారు. జానపద నృత్యాలు, తేలికపాటి ఆటలు చాలన్నారు. పోటీ ఆడపిల్లలకు తగదని అప్పటి నమ్మకం. అది వదలడానికి దశాబ్దాలు పట్టింది. కాబట్టి పోటీ లేకుండా చేస్తే పిల్లలకు మేలు జరిగిపోతుందని అనుకోవద్దు. కొందరికి పోటీ అందకపోవడమే అన్యాయం.

బడి తప్పుకుంది, నాన్నలు వచ్చారు

1920లు, 1930లలో వ్యాయామ విద్య నిపుణుల ఆలోచన మారింది. చిన్నపిల్లలకు తీవ్రమైన పోటీలు శరీరానికీ మనసుకూ మంచివి కావని, ప్రాథమిక పాఠశాలలు వాటి నుంచి మెల్లగా తప్పుకున్నాయి. ఉద్దేశం మంచిదే. కానీ పిల్లలకు ఆడాలనే ఉంది, పెద్దలకు ఆడించాలనే ఉంది. శిక్షణ ఉన్నవాళ్ళు వదిలేసిన చోటును శిక్షణ లేని వాలంటీర్లు నింపారు. పిల్లల క్రీడల చరిత్రకారులు చెప్పే ముఖ్యమైన మలుపు ఇదే.

అలా ముందుకొచ్చినవాళ్ళలో అందరికంటే పేరున్నవాడు కార్ల్ స్టోట్జ్. పెన్సిల్వేనియాలోని విలియమ్స్‌పోర్ట్ ఊళ్ళో మామూలు ఉద్యోగి. మేనల్లుళ్ళతో పెరట్లో బేస్‌బాల్ ఆడుతుంటే, పిల్లలకు తగిన కొలతల మైదానం ఎందుకు ఉండకూడదనిపించింది ఆయనకు. మడతపెట్టిన వార్తాపత్రికలను బేస్‌లుగా పరిచి, వాటిని ముందుకూ వెనక్కూ జరుపుతూ పిల్లల కాళ్ళకు సరిపోయే దూరం కనిపెట్టాడు. పెద్దల ఆటలో బేస్‌ల మధ్య 90 అడుగులు ఉంటే, పిల్లలకు 60 అడుగులు పెట్టాడు. డబ్బు కోసం 56 చోట్ల అడిగితే 56 చోట్లా లేదన్నారు. 57వ వాళ్ళు, ఒక పాల డెయిరీ వాళ్ళు, 30 డాలర్లు ఇచ్చారు. 1939 జూన్ 6న మూడు జట్లతో లిటిల్ లీగ్ మొదలైంది.

ఈ భాగం చదువుతుంటే మీకు మన బడే గుర్తొస్తుంది. చర్చి బేస్‌మెంట్లో, కమ్యూనిటీ హాల్లో రెండు గదుల కోసం తిరిగి, నలుగురు పిల్లలతో మొదలైన తెలుగు తరగతులు ఎన్ని లేవు!

తర్వాత జరిగింది కూడా చూడాలి. 1947లో విలియమ్స్‌పోర్ట్‌లో తొలి జాతీయ టోర్నమెంట్ పెట్టారు. పెద్ద కంపెనీ డబ్బు వచ్చింది, 1950ల్లో టీవీ వచ్చింది. ఊరి పిల్లలు సాయంత్రం ఆడుకునే ఏర్పాటు పోయి, ఒక ఊరి పరువు పన్నెండేళ్ళ పిల్లాడి చేతిలో పెట్టే ఏర్పాటు అయింది. సంస్థ వ్యాపార ధోరణిలో పడుతోందని స్టోట్జ్ పేచీ పెట్టాడు. వ్యవహారం కోర్టు దాకా వెళ్ళింది. చివరికి 1950ల నడుమ, తాను పుట్టించిన సంస్థనే వదిలి బయటికొచ్చాడు. తన ఊళ్ళో, తన పాత మైదానంలో చిన్న లీగ్‌ను విడిగా నడుపుకున్నాడు.

ఆడపిల్లల కథ ఇక్కడా ఉంది. 1972లో న్యూజెర్సీలోని హొబోకెన్‌లో ఒక బాలిక మూడు మ్యాచ్‌లు ఆడాక, ఆమెను తీసేయకపోతే గుర్తింపు రద్దు చేస్తామని స్థానిక లీగ్‌ను బెదిరించారు. కేసు నడిచింది, బాలిక పక్షమే గెలిచింది. 1974లో లిటిల్ లీగ్ తలుపులు అమ్మాయిలకు తెరుచుకున్నాయి. ఈ రోజు మీ అమ్మాయి సాఫ్ట్‌బాల్ బ్యాట్ పట్టుకుని తరగతికి వస్తోందంటే వెనక ఆ పోరాటం ఉంది.

మోసం చేసింది పిల్లలు కాదు

గెలుపు మీద అంత బరువు పెడితే ఏమవుతుందో తర్వాతి దశాబ్దాలు చూపించాయి. 1992లో ఫిలిప్పీన్స్ జట్టు ప్రపంచ టైటిల్ గెలిచింది. అర్హత లేని ఆటగాళ్ళను దించారని తేలి, ఆ టైటిల్ వెనక్కి తీసుకున్నారు. 2001లో న్యూయార్క్ బ్రాంక్స్ జట్టు పిచర్ ఒకడు దేశాన్ని ఆశ్చర్యపరిచాడు. పన్నెండేళ్ళవాడన్నారు గానీ నిజానికి పద్నాలుగేళ్ళు. పుట్టిన తేదీ పత్రం తప్పుడుది. జట్టు గెలిచిన మ్యాచ్‌లన్నీ రద్దయ్యాయి. 2014లో అమెరికా టైటిల్ గెలిచిన షికాగో జట్టు తన హద్దులు దాటి పిల్లలను చేర్చుకుందని, మరుసటి ఏడాది ఆ టైటిల్ కూడా తీసేశారు.

మూడు చోట్లా కాగితాలు నడిపింది పెద్దవాళ్ళు. తలదించుకున్నది పిల్లలు. ఆ పిల్లలు బంతిని నిజంగానే విసిరారు, నిజంగానే కొట్టారు. అయినా వాళ్ళ ఆట రికార్డుల్లో లేకుండా పోయింది. మన వీధిలో తొండి చేసినవాణ్ణి పిల్లలే పట్టుకునేవాళ్ళు. ఇక్కడ తొండి చేసింది ఆట నడిపే పెద్దలే కాబట్టి పట్టుకోవడానికి విచారణ సంఘాలు కావలసి వచ్చాయి.

ఇంకో నష్టం శరీరానికి. బాగా బంతి విసిరే పిల్లాడినే ప్రతి మ్యాచ్‌లోనూ విసిరిస్తే మోచేయి దెబ్బతింటుంది. 1974లో ఫ్రాంక్ జోబ్ అనే వైద్యుడు టామీ జాన్ అనే వృత్తి ఆటగాడి మోచేతి లిగమెంటుకు కొత్త తరహా శస్త్రచికిత్స చేశారు. రానురాను అదే శస్త్రచికిత్స హైస్కూలు పిల్లలకు అవసరం కావడం మొదలైంది. చివరికి 2007 సీజన్ నుంచి లిటిల్ లీగ్ ఒక రోజులో ఎన్ని బంతులు విసరవచ్చో హద్దు పెట్టింది. 11, 12 ఏళ్ళవారికి 85. ఒకే ఆటకు కట్టుబడటం 15, 16 ఏళ్ళ దాకా ఆపితే మంచిదని అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ 2016లో సూచించింది. ‘కాలేజీ స్కాలర్‌షిప్ వస్తుంది’ అనే ఆశతో పిల్లల వారాంతాలన్నీ ధారపోసే తల్లిదండ్రులు ఒక అంకె గుర్తుంచుకోవాలి. హైస్కూలులో ఆడే ప్రతి నూరుమందిలో కాలేజీ క్రీడా స్కాలర్‌షిప్ దక్కేది సుమారు ఇద్దరికి.

వేరే దారి పట్టినవాళ్ళు

ఈ కథలో మంచి మలుపులు కూడా ఉన్నాయి. 1964లో కాలిఫోర్నియాలోని టారెన్స్‌లో తొమ్మిది జట్లతో ఆయ్‌సో అనే సాకర్ సంస్థ మొదలైంది. మన పిల్లల్లో చాలామంది అందులో ఆడినవాళ్ళే. ప్రతి పిల్లాడూ ప్రతి మ్యాచ్‌లో కనీసం సగం సేపు ఆడాలన్నది దాని నియమం. జట్లను కూడా బలాబలాలు సరిచూసి ఏటేటా కొత్తగా కూరుస్తారు.

1970ల్లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో రొనాల్డ్ స్మిత్, ఫ్రాంక్ స్మోల్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు లిటిల్ లీగ్ కోచ్‌లను మైదానంలోనే కూర్చుని గమనించారు. తర్వాత పిల్లలను ఇళ్ళకు వెళ్ళి అడిగారు. జట్టు ఎన్ని గెలిచిందన్నదానికీ, పిల్లలు కోచ్‌ను ఇష్టపడటానికీ దాదాపు సంబంధమే కనిపించలేదు. తప్పు చేసినప్పుడు ధైర్యం చెప్పి, ఎలా చేయాలో చూపించిన కోచ్‌లనే పిల్లలు ఇష్టపడ్డారు. 1992లో వెలువడిన మరో అధ్యయనం మనకింకా ముఖ్యం. ఈ పద్ధతిలో కొద్దిపాటి శిక్షణ పొందిన కోచ్‌ల దగ్గర మరుసటి ఏడాది మానేసిన పిల్లలు నూటికి 5 మంది. శిక్షణ లేని కోచ్‌ల దగ్గర 26 మంది. శిక్షణ అంటే కొన్ని గంటల వర్క్‌షాపే. వాలంటీర్లకు శిక్షణ ఎందుకని అడిగేవాళ్ళకు ఈ రెండు అంకెలు చూపించండి.

దేశం మొత్తంగా దారి మార్చుకున్నది నార్వే. అక్కడి క్రీడా సమాఖ్య 1987లో పిల్లల క్రీడలకు నియమాలు ఆమోదించింది. 2007లో వాటిని పిల్లల హక్కులుగా తిరగరాసింది. 11 ఏళ్ళు వచ్చేదాకా ఫలితాల పట్టికలు, ర్యాంకులు ఉండకూడదు. 13 ఏళ్ళు వచ్చే సంవత్సరం దాకా జాతీయ ఛాంపియన్‌షిప్‌లు లేవు. ‘ఇలా అయితే పతకాలు ఎలా వస్తాయి?’ అంటారా? సుమారు 53 లక్షల జనాభా ఉన్న ఆ దేశం 2018 శీతాకాల ఒలింపిక్స్‌లో 39 పతకాలతో అందరికంటే పైన నిలిచింది. మంచు, డబ్బు, సంప్రదాయం, ఇవన్నీ అందులో ఉన్నాయి. ఈ నియమాల వల్లే గెలిచారని అనలేం. పిల్లలకు ర్యాంకులు ఇవ్వకపోతే గెలిచేవాళ్ళు తయారు కారన్న వాదన మాత్రం ఇక నిలబడదు.

మన ఇంటి పోటీలు

మనం ఈ పోటీలోకి కొత్తగా వచ్చినవాళ్ళం కాదు. మనలో చాలామంది ఎంసెట్ ర్యాంకు దాటి వచ్చినవాళ్ళం. అక్కడ ఒక్క మార్కు తేడాతో సీటు పోయేది, సీటుతో పాటు ఊరు దాటే దారీ పోయేది. ఆ భయం అబద్ధం కాదు. అది మనల్ని ఇక్కడిదాకా తెచ్చింది. అయితే పదేళ్ళ పిల్లాడి సాకర్ మ్యాచ్‌కు ఆ భయాన్ని తొడిగితే అది వాడికి సరిపోదు. 90 అడుగుల మైదానంలో పిల్లలను పరిగెత్తించినట్టే.

స్పెల్లింగ్ బీ కథ అందరికీ తెలిసిందే. జాతీయ పోటీ 1925లో మొదలైంది. 1985లో బాలు నటరాజన్ గెలిచి, భారత సంతతి నుంచి తొలి విజేత అయ్యాడు. 2019లో నిర్వాహకుల దగ్గర కష్టమైన పదాలు అయిపోయాయి గానీ పిల్లలు ఓడలేదు. ఎనిమిదిమందిని ఉమ్మడి విజేతలుగా ప్రకటించారు. ఒక పిల్ల తప్పకుండా చెబితే మరో పోటీదారు లేచి చప్పట్లు కొట్టిన ఆ రాత్రిని మన పిల్లలకు చూపించండి. ఎదురుగా ఉన్నది తోటి పిల్లలు కాదు, నిఘంటువు అని వాళ్ళకు తెలిసిపోయింది. మనవాళ్ళు నడిపే నార్త్ సౌత్ ఫౌండేషన్‌ను కూడా ఇక్కడ చెప్పుకోవాలి. 1989లో మొదలైన ఆ సంస్థ ఇక్కడి పిల్లల పోటీలతో, అక్కడ భారతదేశంలో పేద విద్యార్థులకు ఉపకార వేతనాలు ఇస్తోంది. పోటీ ఎవరి కడుపూ కొట్టకుండా నాలుగు వైపులా మేలు చేయగలదని అది రుజువు.

ఇక మన తరగతిలో

ఈ చరిత్ర నుంచి మన వార్షికోత్సవానికి, పద్యాల పోటీకి పనికొచ్చేవి నాలుగు ఉన్నాయి.

మొదటిది, తరగతి సగటు. పద్యాలు ఎవరు ఎక్కువ చెప్పారన్న బహుమతి ఉంచండి. దాని పక్కన తరగతి మొత్తం సగటున ఎన్ని చెప్పిందన్న బహుమతి కూడా పెట్టండి. ఒత్తులు పలకలేని పిల్లాడికి నేర్పే స్నేహితులు దానంతట వాళ్ళే తయారవుతారు.

రెండవది, అరటిపండు. ఈ ఏడే చేరినవాళ్ళను, అయిదేళ్ళలోపు వాళ్ళను మార్కులు లేకుండా వేదిక ఎక్కించండి. ‘ప్రైజు లేనప్పుడు ఎందుకు?’ అని అడిగే తల్లిదండ్రులకు ఆ మాట అసలు అర్థం చెప్పండి.

మూడవది, నిర్ణేతలకు అరగంట శిక్షణ. తప్పు వినగానే తల అడ్డంగా ఊపడం కాదు, మళ్ళీ మొదలుపెట్టనివ్వడం, ఒక మంచి మాట, ఒక సవరణ. 5కూ 26కూ తేడా అక్కడే ఉంది.

నాలుగవది, అన్నిటికంటే ముఖ్యమైనది. టోర్నమెంట్‌కు వెళ్ళి తరగతి మానేసిన పిల్లాడు మరుసటి వారం వస్తే ‘ఎందుకు రాలేదు?’ అనొద్దు. ఆ మ్యాచ్ కథను తెలుగులో చెప్పమనండి. ‘గెలిచాం’ అన్న ఒక్క మాటతో మ్యాచ్ కథ అయిపోదు. పంతం, పట్టుదల, ఉడుక్కోవడం, అలగడం, డీలా పడటం, చివర్లో పుంజుకోవడం, ఇవన్నీ కావాలి. ‘కోచ్ నన్ను ఆడించలేదు’, ‘నా వల్లే ఓడిపోయాం’ అన్న వాక్యాలు కావాలి. పిల్లలకు ఇవి తెలుగులో రావు, ఎందుకంటే ఇంట్లో మనం తెలుగులో అడిగేది ఒకటే: ‘గెలిచావా?’

తల్లిదండ్రులారా, ఈ శనివారం కారులో ఆ ప్రశ్నను కాసేపు ఆపి చూడండి. ‘ఎలా ఆడావు నాన్నా? ఎప్పుడు బాగా అనిపించింది?’ అని అడగండి. ఓటమిని చెప్పుకోలేని భాషలో పిల్లలు మనసు విప్పరు. వాళ్ళు ఓడిన కథ కూడా తెలుగులో వింటే, ఇరవయ్యేళ్ళ తర్వాత ఇంకో ఊరి నుంచి ఫోన్ చేసినప్పుడు వాళ్ళ కష్టం మనకు తెలుగులోనే చెబుతారు.